ఒకేసారి కొనాలా, విడతలుగా కొనాలా, డిప్ (ధర పడటం) కోసం ఆగాలా? క్రిప్టోలో ఎంట్రీ ఎంచుకునే ముందు

2021 మే 19, బుధవారం. అంతకు నెల ముందే 64,000 డాలర్లు దాటిన బిట్‌కాయిన్ ఆ రోజు 30,000 దరిదాపులకు జారిపోయింది. నేను 28,000 దగ్గర లిమిట్ ఆర్డర్ (ధర అక్కడికి వస్తేనే కొనే ఆర్డర్) పెట్టుకుని కూర్చున్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ స్క్రీన్ కేసి చూస్తూనే ఉన్నాను. రాలేదు. జూన్‌లో ఒకసారి 29,000 కిందికి దిగింది కానీ నా ధరను తాకకుండానే వెనక్కి తిరిగింది. అక్టోబర్ వచ్చేసరికి 60,000 దాటేసింది. ఆ నెలలో ఒక రాత్రి ఆ పాత ఆర్డర్ రద్దు చేసి, అదే డబ్బుతో 61,000 దగ్గర కొనేశాను. మేలో 30,000 దగ్గర ఖరీదుగా కనిపించింది అక్టోబర్‌లో 61,000 దగ్గర చవగ్గా కనిపించింది.

అక్కడితో అయిపోలేదు. 2022 మేలో బిట్‌కాయిన్ నిజంగానే 28,000కి వచ్చింది. ఏడాది క్రితం నేను కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన ధర అదే. చేతిలో డబ్బు కూడా ఉంది. కానీ కొనడానికి చెయ్యి రాలేదు. టెర్రా అనే క్రిప్టో నెట్‌వర్క్, దాని నాణెం లూనా కుప్పకూలిన రోజులవి. ఎటు చూసినా భయమే. నేను కోరుకున్న ధర వచ్చింది, ఆ ధరకు కొనాలనుకున్న మనిషి మాత్రం అప్పటికి లేడు.

అప్పటి నుంచి ఎవరైనా "ఇప్పుడు కొనొచ్చా, ఇంకా ఆగాలా" అని అడిగితే నేను చార్ట్ తెరవను. ముందు ఆ మనిషి సంగతి అడుగుతాను. ఎంట్రీ తీసుకునే, అంటే కొనుగోలు మొదలుపెట్టే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి, ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. ఏది ఎక్కువ లాభం ఇస్తుందన్నది సగం ప్రశ్నే. అది తప్పిన రోజు మీరు దాన్ని మధ్యలో వదిలేసి పారిపోకుండా ఉండగలరా అన్నది మిగతా సగం. ఈ పోలిక అంతా ఆ రెండో సగం గురించే.

రెండు బాధలు, మీది ఏది?

కొన్న మర్నాడే పడితే ఒక బాధ. కొనకుండా ఉంటే పెరిగిపోవడం ఇంకో బాధ. ఎంట్రీ దగ్గర మనం చేసే పొరపాట్లలో చాలావరకు ఈ రెండింట్లో ఒకదాన్ని తప్పించుకోవడానికి చేసేవే.

మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రచురించిన పరిశోధన మొదటి బాధ గురించి చెబుతుంది. ఒకే మొత్తమైనా, వస్తే కలిగే సంతోషం కన్నా పోతే కలిగే బాధ పెద్దది. 1992లో వాళ్లే వేసిన అంచనా ప్రకారం ఆ బాధ బరువు రెండింతలకు కాస్త పైనే. అంటే 10 శాతం నష్టాన్ని మనసులో సరిచేయాలంటే 20 శాతం లాభం కనిపించినా చాలదన్నమాట. పడుతున్నప్పుడు చెయ్యి రాకపోవడానికి మూలం ఇదే.

రెండో బాధ క్రిప్టోలో ప్రత్యేకంగా ముదురుతుంది. చేసిన తప్పు వెంటనే ఎక్కువ నొప్పి పుట్టిస్తుంది, చేయకుండా వదిలేసింది ఏళ్లు గడిచాక ఎక్కువ బాధిస్తుంది అని మనస్తత్వవేత్తలు థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1995లో రాశారు. మామూలు జీవితంలో ఆ రెండో రకం పశ్చాత్తాపం నెమ్మదిగా, ఏళ్ల మీద పేరుకుంటుంది. క్రిప్టోకి సెలవు లేదు, రాత్రి లేదు, ఆదివారం లేదు. కొననందుకు బాధ ప్రతి ఉదయం ఫోన్ తీయగానే కొత్తగా మొదలవుతుంది. ఏళ్లు పట్టాల్సింది మూడు వారాల్లో పేరుకుపోతుంది. ఆఖరికి ఏ రాత్రో తట్టుకోలేక కొనేస్తాం, అది ఎక్కువగా శిఖరం దగ్గరే అవుతుంది. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. కేంద్ర బ్యాంకుల సంస్థ అయిన బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ పరిశోధకులు 95 దేశాల్లో 2015 నుంచి 2022 దాకా క్రిప్టో యాప్‌ల డౌన్‌లోడ్‌లను చూస్తే, దాదాపు నాలుగింట మూడొంతుల మంది బిట్‌కాయిన్ 20,000 డాలర్లు దాటి ఉన్నప్పుడే యాప్ దించుకున్నారని తేలింది. అంటే ధర పెరిగాకే జనం వచ్చారు.

మీది ఏ బాధో తెలుసుకోవడానికి క్విజ్‌లేం అక్కర్లేదు. మీ యాప్‌లో ఆర్డర్ హిస్టరీ తెరవండి. అందులో "రద్దు" అని ఉన్న వరుసలు చాలా ఉండి, వాటి వెంటే ఎక్కువ ధరకు మార్కెట్ ఆర్డర్ (అప్పుడున్న ధరకే వెంటనే కొనేది) కనిపిస్తే, మీకు జారిపోతుందేమోనన్న భయం ఎక్కువ. అలా కాకుండా కొన్న వారం, పది రోజుల్లోనే చిన్న నష్టానికి అమ్మేసిన వరుసలు కనిపిస్తే, మీకు పోగొట్టుకోవడం అంటే భయం. నా హిస్టరీలో మొదటి రకం 14 ఉన్నాయి. లెక్కపెట్టిన రోజు చాలాసేపు మాట రాలేదు.

ఇంకా ఒక్క ఆర్డర్ కూడా పెట్టని వాళ్లు పోయినసారి పెద్ద పతనం వార్త విన్నప్పుడు మీ నోట మొదట వచ్చిన మాట గుర్తు తెచ్చుకోండి. "అయ్యో, అప్పుడు కొని ఉంటే" అన్నారా, "హమ్మయ్య, కొనలేదు" అన్నారా? ఆ ఒక్క మాట చాలు.

ఒకేసారి మొత్తం పెట్టేయడం

లెక్క ప్రకారం దీనికే బలం ఎక్కువ. వ్యాన్‌గార్డ్ అనే పెట్టుబడుల సంస్థ 2012లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల చరిత్ర తీసుకుని చూస్తే, దాదాపు మూడింట రెండుసార్లు ఒకేసారి పెట్టిన డబ్బే విడతలుగా పెట్టిన దాని కన్నా మెరుగ్గా నిలిచింది. కారణం సూటిగానే ఉంది. దీర్ఘకాలంలో పెరిగే మార్కెట్లో డబ్బు ఎంత ముందు దిగితే అంత మంచిది.

కానీ ఆ లెక్క షేర్లూ బాండ్లదీ. వాటి వెనక దశాబ్దాల చరిత్ర ఉంది. బిట్‌కాయిన్ మొదటి బ్లాక్ పుట్టిందే 2009 జనవరి 3న. దాని పతనాలు కూడా వేరే జాతివి. 2017 డిసెంబర్‌లో దాదాపు 20,000 డాలర్ల దగ్గర కొన్నవాళ్లు, సరిగ్గా ఏడాదికి 3,200 చూశారు. వాళ్ల డబ్బు వాళ్ల చేతికి రావడానికి 2020 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. మూడేళ్లు. 80 శాతం పడిన నాణెం మళ్లీ మొదటి ధరకు రావాలంటే 400 శాతం పెరగాలి. కాగితం మీద ఇది కూడికా తీసివేతే, రాత్రి పూట మాత్రం అలా ఉండదు.

ఈ పద్ధతిలో మానసికంగా వచ్చే చిక్కు ఒకటుంది, దాన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. మీ ఎంట్రీ ధర ఒకే ఒక్క అంకె అవుతుంది. ఆ అంకె మెదడులో మేకులా దిగిపోతుంది. దానికి పైన ఉన్నంతసేపు మీరు తెలివైనవారు, కింద ఉన్నంతసేపు మూర్ఖులు. 61,000 అన్న అంకె రెండేళ్ల పాటు నా తలలో అలాగే కూర్చుంది. ధర 60,500కి వచ్చినా నేను "ఇంకా 500 కింద" అనే చూశాను. మార్కెట్‌కి నా 61,000తో ఏం పని? ఆ అంకె నాకు తప్ప ఈ లోకంలో ఎవరికీ అక్కర్లేదు. అయినా అమ్మాలా, ఉంచాలా అన్న ప్రతి నిర్ణయాన్నీ దానితోనే కొలిచాను. ఫైనాన్స్ ప్రొఫెసర్లు హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ 1985లో వర్ణించిన అలవాటు ఇదే. లాభంలో ఉన్నది తొందరగా అమ్మేస్తాం, నష్టంలో ఉన్నది కొన్న ధర వచ్చేదాకా పట్టుకుని వేలాడతాం.

ఒకేసారి కొనడం ఎవరికి సరిపోతుంది? పెట్టే మొత్తం మీ మొత్తం పొదుపులో చాలా చిన్న భాగమైతే, కొన్నాక నెలల తరబడి ధర చూడకుండా ఉండగలిగితే సరిపోతుంది. రెండూ ఉండాలి. ఒక్కటి ఉంటే చాలదు.

విడతలుగా కొనడం

నెలకో, వారానికో ఒకే మొత్తం, ధర ఎంతున్నా సరే. దీని లెక్క అందరికీ తెలిసిందే అయినా ఒకసారి చేతితో వేసి చూడండి. మూడు నెలలు, నెలకు 600 చొప్పున. ధరలు 60, 40, 30. మొదటి నెల 10 నాణేలు, రెండో నెల 15, మూడో నెల 20. మొత్తం 1,800కి 45 నాణేలు, అంటే ఒక్కోటి 40. మూడు ధరల సగటు మాత్రం 43 పైచిలుకు. చవగ్గా ఉన్నప్పుడు అదే డబ్బుకు ఎక్కువ వస్తాయి కాబట్టి ఆ తేడా.

ఈ తేడా కోసమే విడతలు మంచివని చాలామంది చెబుతారు. నా ఉద్దేశంలో అసలు విలువ అది కాదు. పెరుగుతూ పోయే మార్కెట్లో విడతల వల్ల సగటు ధర పెరుగుతుంది కూడా. అసలు విలువ ఏమిటంటే, పశ్చాత్తాపం ముక్కలవుతుంది. ధర పెరిగితే "కొంత కొన్నాను కదా" అంటారు, పడితే "ఇంకా డబ్బు మిగిలుంది కదా" అంటారు. రెండు వైపులా మనసుకి ఒక జవాబు దొరుకుతుంది. పైగా ఏ నెల కొనాలో మీరు నిర్ణయించడం లేదు, తేదీ నిర్ణయిస్తోంది. కాబట్టి నింద కూడా మీ మీద పడదు. ఆర్థికశాస్త్రం దృష్టిలో ఇది పూర్తిగా హేతుబద్ధం కాదని తెలిసీ, మనుషులు దీన్ని ఎందుకు ఇష్టపడతారో స్టాట్‌మన్ 1995లో వివరించింది దాదాపు ఇదే. మనిషి తట్టుకోగలిగే పద్ధతి అన్నది చిన్న సంగతి కాదు.

మరి ఇది ఎక్కడ తెగుతుంది? నాలుగో విడత దగ్గర. మొదటి మూడు ఉత్సాహంగా వెళ్తాయి. నాలుగో నెల వచ్చేసరికి పాత మూడూ ఎరుపులో, అంటే నష్టంలో ఉంటాయి. ఓటి కుండలో నీళ్లు పోస్తున్నట్టు అనిపిస్తుంది. "ఈ ఒక్క నెల ఆగుదాం, కాస్త కుదుటపడ్డాక చూద్దాం" అనుకుంటాం. ఆ ఒక్క నెలే ఆరు నెలలవుతుంది. పద్ధతి పనిచేసేదే చవక నెలల్లో. సరిగ్గా ఆ నెలల్లోనే ఆపేసి, ధర పెరిగాక రెండు విడతలు కలిపి కట్టామంటే, విడతల పేరుతో మనం చేసింది శిఖరం దగ్గర కొనడమే. అందుకే ఆర్డర్ దానంతట అదే వెళ్లేలా పెట్టుకోవడం మంచిది. ఎన్ని విడతలో ముందే అంకె వేసుకోవాలి. పన్నెండంటే పన్నెండే. "ఎప్పటిదాకా వీలైతే అప్పటిదాకా" అన్న ప్రణాళిక మొదటి పెద్ద పతనంలోనే కరిగిపోతుంది. ఇంకో చిన్న సంగతి: విడత మరీ చిన్నదైతే ఫీజులే తినేస్తాయి, వారానికి బదులు నెలకోసారి పెట్టుకోండి.

విడతల మీద నమ్మకంతో చాలామంది మునిగిన చోటు మరొకటి ఉంది. ఇది గట్టిగా చెప్పాలి. విడతలుగా కొనడం అంటే ఆ నాణెం బతికి ఉంటుందని నమ్మడం. 2022 మే మొదట్లో 80 డాలర్ల పైన ఉన్న లూనా, నెల సగం కాకుండానే సెంటులో లేశమంత కూడా లేకుండా పోయింది. 40 దగ్గర "సగం ధరకే వస్తోంది" అని కొన్నవాళ్లున్నారు, 10 దగ్గర మళ్లీ కొన్నవాళ్లున్నారు, 1 దగ్గరా ఉన్నారు. సగటు ధర తగ్గిస్తున్నామనుకున్నారు. ప్రతి మెట్టూ ఇంకో మెట్టు కిందికే తీసుకెళ్లింది. 90 శాతం పడిన నాణెం ఇంకో 90 శాతం పడగలదు, ఆ తర్వాతా పడగలదు. కాబట్టి ఈ పద్ధతి చిన్న ఆల్ట్‌కాయిన్లకు (బిట్‌కాయిన్ కాని నాణేలకు) వాడొద్దని నా సలహా.

డిప్ కోసం ఆగడం, లిమిట్ ఆర్డర్‌తో

నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిందీ, నన్ను ఎక్కువ ఏడిపించిందీ ఇదే.

దీని ఆకర్షణ ఏమిటో ఒప్పుకోవాలి. తక్కువ ధరకు కొనాలన్న కోరిక తప్పు కాదు. పైగా లిమిట్ ఆర్డర్ పెట్టినప్పుడు "నేను తొందరపడే రకం కాదు" అన్న తృప్తి ఉంటుంది. అసలు సమస్య ఆ ధర ఎక్కణ్నుంచి వచ్చిందన్న దగ్గర మొదలవుతుంది. నా 28,000 ఎక్కణ్నుంచి వచ్చింది? ఏ లెక్కా లేదు. 30,000 గుండ్రటి అంకె, అందరూ అక్కడే ఆర్డర్లు పెడతారని విన్నాను, కాబట్టి దానికి కాస్త కింద పెడితే ఇంకా తెలివైన పని అనుకున్నాను. అంతే. ఆ కాస్త తెలివికి ఆ నెలలన్నీ మూల్యంగా చెల్లించాను.

పడుతున్నప్పుడు మన లక్ష్యం కూడా కిందికి జరుగుతుంది. 40,000 ఉన్నప్పుడు "35 వస్తే కొంటా" అన్న మనిషే, 35 వచ్చేసరికి "పడే ఊపు చూస్తే 30 ఖాయం" అంటాడు. అతను అబద్ధం ఆడటం లేదు. 40 దగ్గర ఉన్న ధైర్యం 35 దగ్గర లేదు. శాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని భయంలో ఉన్న మనిషి అమలు చేయాల్సి రావడమే ఇక్కడి చిక్కంతా.

దీనికి నేను కనుక్కున్న మందు ఒకే ధర బదులు నిచ్చెన. డబ్బును మూడు, నాలుగు భాగాలు చేసి, ఒక్కో మెట్టుకు ఒక్కో ఆర్డర్ ముందే పెట్టేయడం. 2024 జులై ఆఖరులో బిట్‌కాయిన్ 70,000ని తాకినప్పుడు నేను 60,000, 55,000, 50,000 దగ్గర మూడు ఆర్డర్లు పెట్టాను. ఆగస్టు 5, సోమవారం. ప్రపంచమంతా షేర్లు పడుతుంటే బిట్‌కాయిన్ కూడా 49,000 దాకా దిగింది. మూడు ఆర్డర్లూ నిండాయి. నిజం చెప్పాలంటే ఆ పొద్దున్న మూడో ఆర్డర్ రద్దు చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. వేలు "రద్దు" మీదే ఉంది. 40,000కి పోతుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నేను ఆలోచిస్తుండగానే ఆర్డర్ నిండిపోయిందని మెసేజ్ వచ్చింది. నా ధైర్యం వల్ల కాదు, ఆర్డర్ ముందే అక్కడ ఉండటం వల్లే కొన్నాను. అదే రోజు "చూసి కొందాం" అనుకుని ఉంటే ఒక్క మెట్టు కూడా ఎక్కేవాణ్ని కాదు.

నిచ్చెనకీ గడువు ఉండాలి. గడువు లేని లిమిట్ ఆర్డర్ మెల్లగా మొండితనం అవుతుంది. ఆరు నెలల్లో నిండకపోతే ఆ డబ్బు ఎటు వెళ్లాలో ముందే రాసుకోకపోతే, అది ఎటు వెళ్తుందో నేను చెప్పగలను: ఏదో ఒక రాత్రి మార్కెట్ ఆర్డర్‌లోకి.

పెరగడం ఖాయమయ్యాక, లేదా వార్త వచ్చాక కొనడం

బ్రేకవుట్ కోసం, అంటే ధర పాత గరిష్ఠాన్ని దాటడం కోసం ఆగి కొనే ట్రేడర్లు ఉన్నారు, క్రమశిక్షణతో స్టాప్ లాస్ (ఇంత నష్టం వస్తే అమ్మేసే ఆర్డర్) పెట్టుకునేవాళ్లకు ఇది పనికొచ్చే పద్ధతే. కొంచెం ఎక్కువ ధర ఇచ్చి, కొంచెం తక్కువ అనుమానం కొనుక్కుంటారు. పదిసార్లలో ఎక్కువసార్లు చిన్న నష్టానికి బయటకు రావడానికి మనసు ఒప్పుకోవాలి. ఒప్పుకోని వాళ్లకు ఇది పనికిరాదు, అంతే.

వార్త చూసి కొనడం వేరే సంగతి, రెండింటినీ కలపొద్దు. 2024 జనవరి 10న అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, నేరుగా బిట్‌కాయిన్‌నే కొని దాచే ఫండ్లయిన స్పాట్ బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు అనుమతి ఇచ్చింది. నెలల తరబడి అందరూ ఎదురుచూసిన వార్త. మర్నాడు ధర 49,000 దగ్గరిదాకా వెళ్లింది, రెండు వారాలు తిరక్కుండానే 39,000 కిందికి వచ్చింది. వార్త మంచిదే, కానీ అది అప్పటికే ధరలో కలిసిపోయి ఉంది. ఆ తర్వాత మార్చి మధ్యలో అదే బిట్‌కాయిన్ 73,000 దాటింది. వార్త రోజున కొని 39,000 దగ్గర భయపడి అమ్మినవాళ్ల బాధ ఊహించండి. వాళ్లు దిశ సరిగ్గానే పట్టుకున్నారు, ఎంట్రీని మాత్రం మోయలేకపోయారు. హాల్వింగ్ (కొత్తగా పుట్టే బిట్‌కాయిన్లు సగానికి తగ్గడం) కూడా ఇలాంటిదే. 2012, 2016, 2020, 2024ల్లో జరిగింది, సుమారు ఎప్పుడు వస్తుందో ఏళ్ల ముందే అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన తేదీ మీ ఒక్కరికే రహస్యంగా లాభం ఎందుకిస్తుంది?

లెవరేజ్ (అప్పు కలిపి కొనడం) గురించి రెండే మాటలు. పదింతల లెవరేజ్‌తో కొంటే, ధర 10 శాతం కన్నా కాస్త తక్కువే ఎదురు తిరిగినా మీ పొజిషన్ మూసుకుపోతుంది, పెట్టిన డబ్బు పోతుంది. ఆ తర్వాత ధర మీరనుకున్న చోటికే వెళ్లినా మీకు ఒరిగేది ఏమీ లేదు. క్రిప్టోలో 10 శాతం అంటే ఒక మామూలు వారం. ఎంట్రీ టైమింగ్ మీద నమ్మకం లేకే కదా ఇన్ని పద్ధతులు పోల్చుకుంటున్నాం, అలాంటప్పుడు గంటల లెక్కన టైమింగ్ సరిపోవాల్సిన చోటికి వెళ్లడం ఎందుకు?

ఎవరికి ఏది

నెల నెలా జీతంలోంచి కొంత తీసి పెట్టేవాళ్లకు ఎంపిక సమస్యే లేదు. డబ్బే విడతలుగా వస్తోంది, విడతలుగానే పెట్టండి. ఆ డబ్బు పోగుచేసి డిప్‌లో పెడదామనుకోవద్దు, పోగైన డబ్బు చూస్తే చెయ్యి దురద పెడుతుంది.

ఒకేసారి పెద్ద మొత్తం చేతికొచ్చి, జారిపోతుందన్న భయం ఎక్కువున్నవాళ్లు మూడో వంతు ఇవాళే కొని, మిగతాది ఆరు నుంచి పన్నెండు విడతలు చేయండి. ఆ మొదటి మూడో వంతు లాభం కోసం కాదు, మీ నోరు మూయించడానికి. అది లోపల ఉంటే ధర పెరిగినా రాత్రి పూట మార్కెట్ ఆర్డర్ కొట్టరు.

అదే మొత్తం ఉండి, పోగొట్టుకోవడం అంటే భయపడేవాళ్లు ఆ మొదటి వంతు కూడా పెట్టొద్దు. సమానమైన చిన్న విడతలే మేలు. మొత్తం కూడా మీరు మొదట అనుకున్న దానిలో సగం చేయండి. ఈ భయం ఉన్నవాళ్లు పద్ధతి మార్చినందువల్ల బాగుపడరు, మొత్తం తగ్గించినప్పుడే బాగుపడతారు. ఇది నేను చాలామంది దగ్గర చూశాను.

రోజూ చార్ట్ చూడటం ఇష్టమైనవాళ్లకు నిచ్చెన బాగుంటుంది, కానీ డబ్బులో మూడో వంతుకే. చూసే ఆసక్తికి ఒక చోటు దొరుకుతుంది, మిగతా రెండు వంతుల జోలికి వెళ్లరు. నేను ఇప్పుడు చేస్తున్నది ఇదే: రెండు వంతులు పన్నెండు విడతల్లో, ఒక వంతు నిచ్చెన మీద, ఆరు నెలల్లో నిండని మెట్లు విడతల్లోకి.

ఇదివరకే చేతులు కాల్చుకున్నవాళ్లు "పోయింది రాబట్టుకోవాలి" అన్న ఊపులో ఉంటే, ఏ పద్ధతీ ఎంచుకోకండి. ఆ ఊపులో విడతలు కూడా జూదమే అవుతాయి. అసలు కొనకుండా ఉండటం కూడా ఒక పద్ధతే, దాన్ని ఓటమిలా చూడాల్సిన పనిలేదు. అప్పు డబ్బు, ఏడాదిలోపు అవసరమయ్యే డబ్బు ఉన్నవాళ్లకూ ఇదే మాట.

భయం, అత్యాశ సూచీ అని 0 నుంచి 100 దాకా ఒక అంకె రోజూ వస్తుంటుంది. దాన్ని చూసి కొనొచ్చా అని అడుగుతారు. సిగ్నల్‌గా నాకు నమ్మకం లేదు, ఎందుకంటే 2022లో నెలల తరబడి అది భయంలోనే ఉంది, ధర పడుతూనే ఉంది. అద్దంగా మాత్రం పనికొస్తుంది. అది 80 (అంటే అత్యాశ) చూపిస్తున్న రోజున మీకు విడత రెట్టింపు చేయాలనిపిస్తే, ఆ కోరిక మీ ఒక్కరిది కాదని తెలుస్తుంది.

ఆర్డర్ పెట్టే ఆ నిమిషం

పద్ధతి ఏదైనా తెగేది ఇక్కడే. రాత్రి రెండు గంటలు. గది చీకటి, ఫోన్ వెలుతురు ముఖం మీద. ధర అంకెలు పచ్చగా మెరుస్తూ మారుతున్నాయి. మీరు టైప్ చేసిన లిమిట్ ధర కన్నా మార్కెట్ అప్పుడే ఒక శాతం పైన ఉంది. బొటనవేలు "లిమిట్" నుంచి పక్కన ఉన్న "మార్కెట్" వైపు జరుగుతుంది. ఆ వేలు జరిగిన దూరం అర అంగుళం కూడా ఉండదు. నా 61,000 అక్కడే పుట్టింది.

అందుకని ఇప్పుడు ధర కళ్ల ముందు కదులుతున్నప్పుడు ఏ కొత్త ఆర్డరూ పెట్టను. ఏం కొనాలో, ఎంతకో, ఎంత మొత్తమో కాగితం మీద రాసి, ఒక రాత్రి గడిచాక అదే ఆర్డర్ పెడతాను. పొద్దున్నకి ధర మారిపోయి ఉంటే ఆ ఆర్డర్ నాది కాదనుకుంటాను. ఆ కాగితం మీద ఇంకో వరుస తప్పకుండా ఉంటుంది: ఇది 40 శాతం పడితే నేను ఏం చేస్తాను. "ఉంచుకుంటాను", "ఇంకో విడత వేస్తాను", "ఫలానా ధర దగ్గర అమ్మేస్తాను", ఏదైనా సరే, ఒక వాక్యం. ఆ వాక్యం రాయలేకపోతే మొత్తాన్ని సగం చేస్తాను. అప్పటికీ రాయలేకపోతే మళ్లీ సగం. పోయిన నెల విడత అలా రెండుసార్లు సగమైంది, అంతే కొన్నాను.